సర్వర్ పనిలోకి వచ్చిన చిరంజీవికి: కంటైనర్ల నెట్‌వర్కులు, వాల్యూములు

డాకర్ కంపోజ్‌తో నడిపే వర్డ్‌ప్రెస్ సైటులో తరచుగా మూడు కంటైనర్లు ఉంటాయి: బయటి రిక్వెస్టులు అందుకునే ఎన్జిన్ఎక్స్, కోడ్ నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం, డేటా దాచే మరియాడీబీ. ఎన్జిన్ఎక్స్ కంటైనర్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, పక్కనున్న పీహెచ్‌పీ కాదు. అన్నీ ఒకే మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసిన అలవాటుతో లోకల్‌హోస్ట్ 9000 అని రాస్తే బ్రౌజర్‌లో 502 ఎర్రర్ కనిపిస్తుంది.

రాయాల్సింది సర్వీసు పేరు. కంపోజ్ ప్రతి ప్రాజెక్టుకూ ఒక బ్రిడ్జ్ నెట్‌వర్క్ తానే సృష్టిస్తుంది. అందులో సర్వీసు పేరు అడిగితే డాకర్ సొంత డీఎన్ఎస్ 127.0.0.11 నుంచి ఐపీ చెబుతుంది. కంటైనర్‌ని మళ్లీ సృష్టిస్తే ఆ ఐపీ మారిపోవచ్చు కాబట్టి దాన్ని కాన్ఫిగ్‌లో నేరుగా రాయకూడదు. అయితే ఎన్జిన్ఎక్స్ మామూలుగా ఆ పేరును మొదలైనప్పుడే ఒకసారి వెతికి గుర్తుపెట్టుకుంటుంది. పీహెచ్‌పీ కంటైనర్ మార్చాక 502 వస్తే ముందు ఎన్జిన్ఎక్స్‌ని రీలోడ్ చేసి చూడాలి.

నెట్‌వర్కులు రెండుగా విడగొట్టడం మంచిది. ముందుదానిలో ఎన్జిన్ఎక్స్, వెనకదానిలో డేటాబేస్, రెండింటిలోనూ పీహెచ్‌పీ. డేటాబేస్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి: 3306 పోర్టును బయటికి తెరవనే కూడదు. డాకర్ తెరిచిన పోర్టును ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆపదు, ఎందుకంటే డాకర్ తన రూల్సును ఐపీటేబుల్స్‌లో నేరుగా పెట్టుకుంటుంది. సర్వర్ మీద నుంచి తప్పనిసరిగా చూడాల్సి వస్తే పోర్టు ముందు 127.0.0.1 చేర్చాలి.

మరియాడీబీ డేటాకు పేరున్న వాల్యూమ్ కావాలి. కంపోజ్ డౌన్ అన్నా అది పోదు; ఆ కమాండ్‌కు వీ ఫ్లాగ్ తగిలిస్తే మాత్రం డేటాబేస్ మొత్తం పోతుంది.

వర్డ్‌ప్రెస్ ఫైళ్ల వాల్యూమ్ ఎన్జిన్ఎక్స్, పీహెచ్‌పీ కంటైనర్లు రెండింటికీ కావాలి. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు ఎన్జిన్ఎక్స్ తానే పంపుతుంది, పీహెచ్‌పీ ఫైళ్లను ఎఫ్‌పీఎం నడుపుతుంది. ఎన్జిన్ఎక్స్ ఎఫ్‌పీఎంకి ఫైలుని ఇవ్వదు, అది ఎక్కడుందో పాత్ మాత్రమే చెబుతుంది. అందుకే రెండు చోట్లా వాల్యూమ్‌ని ఒకే పాత్‌లో మౌంట్ చేయడం మేలు. పాత్ తేడా వస్తే బ్రౌజర్‌లో ఫైల్ నాట్ ఫౌండ్ అనీ, లాగ్‌లో ప్రైమరీ స్క్రిప్ట్ అన్‌నోన్ అనీ పడుతుంది. ఎన్జిన్ఎక్స్‌కు చదివే హక్కు చాలు, రీడ్ ఓన్లీగా మౌంట్ చేయాలి.

ఫైలు ఓనర్‌ని లినక్స్ పేరుతో కాదు, నంబరుతో గుర్తిస్తుంది. వర్డ్‌ప్రెస్ ఇమేజ్ నడిచే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్ డెబియన్‌లో 33, ఆల్పైన్‌లో 82. పాత వాల్యూమ్‌ని ఉంచి ఇమేజ్ రకం మారిస్తే అప్‌లోడ్లు ఆగిపోతాయి. అప్పుడు 777 పర్మిషన్ ఇవ్వకుండా ఓనర్‌ని సరిచేయాలి.

సొంత కోడ్‌తో కట్టుకున్న ఇమేజ్‌లో ఇంకో చిక్కుంది. వాల్యూమ్ ఖాళీగా ఉన్నప్పుడే డాకర్ ఇమేజ్‌లోని ఫైళ్లను అందులోకి కాపీ చేస్తుంది. తర్వాత ఎన్ని కొత్త ఇమేజ్‌లు తెచ్చినా సైటులో నడిచేది పాత కోడే. కోడ్‌ను ఇమేజ్‌లోనే ఉంచి, అప్‌లోడ్ల ఫోల్డర్‌కు మాత్రం వాల్యూమ్ పెట్టి, ఎన్జిన్ఎక్స్ ఇమేజ్‌లోకీ స్టాటిక్ ఫైళ్లను బిల్డ్ చేసేటప్పుడే చేరిస్తే ఈ చిక్కు రాదు.