పరిశోధన వ్యాసంలో పూర్వపరిశోధనల ప్రస్తావన : క్రియాకాల నిర్ణయం

పరిశోధన వ్యాసాలలో పూర్వుల కృషిని సమీక్షించే భాగంలో 'నిరూపించారు', 'నిరూపిస్తున్నారు', 'నిరూపించియున్నారు' అనే రూపాలు ఒకే పుటలో విచక్షణ లేకుండా కనబడుతుంటాయి. ఇది కేవలం శైలీదోషం కాదు. ఏది ఆనాటి నిర్ణయమో, ఏది నేటికీ చెల్లే సిద్ధాంతమో తెలిపే బాధ్యత క్రియాపదానిదే.

క్రియాకాలానికి సాక్ష్యవిలువ ఉన్నదనడానికి పతంజలి కాలచర్చ చక్కని నిదర్శనం. పాణిని భూతసామాన్యానికి లుఙ్, అనద్యతనభూతానికి లఙ్, పరోక్షమైన అనద్యతనభూతానికి లిట్ విధించాడు. వక్త చూడనిదైనా, లోకప్రసిద్ధమై, అతడు చూడగలిగినంత సమీపకాలంలో జరిగినదైతే లఙ్ చెల్లుతుందని వార్తికం చెబుతున్నది. అందుకు మహాభాష్యం యవనుల సాకేత ముట్టడిని ఉదాహరిస్తున్నది. ఈ లఙ్ ప్రయోగం ఆధారంగా గోల్డ్‌స్టూకర్ 1861లో పతంజలి కాలాన్ని చర్చించారు. పుష్యమిత్రుని యాగాన్ని తెలిపే వర్తమానక్రియ ఆధారంగా పతంజలి ఆ రాజుకు సమకాలికుడని భండార్కర్ 1872లో వాదించారు. ఉదాహరణలు పూర్వవ్యాఖ్యాతల నుండి సంక్రమించి ఉండవచ్చునన్న ఆక్షేపణ కూడా ఉన్నది. అందువల్ల ఇక్కడ 'నిరూపించారు' అనడం కంటె 'వాదించారు' అనడమే న్యాయం.

పై సంస్కృత భేదాలు తెలుగు భూతకాలరూపాలలో లేవు. అయితే తెలుగుకు తనవైన సాధనాలున్నాయి. బాలవ్యాకరణం (1858) వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మాన్ని కూడా గుర్తిస్తున్నది. పరిశోధన రచనలో వీటి వినియోగాన్ని ఈ విధంగా నిర్ణయించుకోవచ్చు.

1. ముగిసిన పనికి భూతకాలం తగినది. ప్రతులను పోల్చడం, శాసనాన్ని చదవడం, గ్రంథాన్ని పరిష్కరించడం ఇట్టివి. సంవత్సరాన్ని పేర్కొన్నప్పుడు భూతమే ఉచితం.

2. గ్రంథంలో నేటికీ చదువరికి ఎదురయ్యే అభిప్రాయానికి వర్తమానం తగినది. ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృతమని అప్పకవి చెబుతున్నాడు. దీనినే 'నన్నయ ఆంధ్రశబ్దచింతామణిని రచించాడు' అని వ్రాస్తే, వివాదాస్పదమైన కర్తృత్వాన్ని వ్యాసకర్త తానే అంగీకరించినట్లవుతుంది. 'అని' అనే చిన్న మాట ఆ భారాన్ని అప్పకవిపైనే ఉంచుతుంది.

3. ఫలితం నేటికీ నిలిచి ఉన్న కృషికి 'సేకరించియున్నారు' వంటి రూపం సరిపోతుంది.

4. కాలంతో నిమిత్తం లేని ధర్మానికి తద్ధర్మం తగినది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది.

స్థానిక చరిత్రలో ఈ వివేచన మరింత అవసరం. నారాయణఖేడ్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం నవంబరు 1న జరిగిన రాష్ట్రాల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 1990లలో 'నారాయణఖేడ్ మెదకు జిల్లాలో ఉన్నది' అని వ్రాసిన వాక్యం ఆనాటికి సత్యమే. నేటి వ్యాసకర్త ఆ వర్తమానాన్ని యథాతథంగా స్వీకరిస్తే అదే వాక్యం అసత్యమవుతుంది. శాసనాల ఉనికి విషయమూ ఇంతే. పూర్వ పరిశోధకుడు 'ఆలయప్రాంగణంలో ఉన్నది' అన్న శిలను నేటి పరిశోధకుడు స్వయంగా చూడనప్పుడు 'ఉన్నట్లు నమోదు చేశారు' అనడమే సురక్షితం. లేకుంటే చూడని దానికి సాక్ష్యం చెప్పినట్లవుతుంది.

కనుక క్రియను ఎన్నుకొనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవడం మేలు: ఈ మాటకు సాక్షి ఎవరు? ఆ సాక్ష్యం ఏ కాలానికి చెల్లుతుంది? వీటికి సమాధానం దొరికితే కాలనిర్ణయం కష్టం కాదు.