బొమ్మను గోడమీదికి దించు పెట్టె

చిన్న బొమ్మను పెద్దదిగా గీయవలసిన అక్కర ప్రతి పాఠశాలకును ఏటేట వచ్చుచునే యుండును. వార్షికోత్సవమునకు వేదిక వెనుక తెర కావలయును. చరిత్ర తరగతికి పటము కావలయును. ప్రహరీగోడపై పక్షులను, చెట్లను వ్రాయించినచో బాగుండునని యొకరు తలంతురు. పుస్తకములోని బొమ్మ జానెడు. గోడ యెనిమిది అడుగులు. మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములలో ఇట్టి పనికి వెనుకటి కాలమున కుంచె పట్టిన పెయింటరును పిలుచుచుండిరి. ఇప్పుడు ఫ్లెక్సీ దుకాణమునకు కబురంపుచున్నారు. ఫ్లెక్సీ యొక పూటలో వచ్చును, ఒక వేసవిలో వెలిసిపోవును, ఆపైన ఏ కాలువ గట్టుననో పడియుండును. అది తెచ్చుటలో పిల్లలు నేర్చుకొనునది యేమియు లేదు.

కావున మా చిత్రలేఖన తరగతిలో ఒక చిన్న సాధనమును సిద్ధపరచితిమి. అది యొక అట్టపెట్టె, ఒక భూతద్దము, ఇంటనున్న సెల్‌ఫోను, ఇంతియే. భూతద్దమునకు మాకు రెండు వందల రూపాయలకు లోపుగానే అయినది. దాని పనితీరును, దానివలన మా పాఠశాలలో పుట్టిన తగవును ఇచ్చట వివరింప దలచితిమి.

బొమ్మను దించుటకు మన దేశమున పాత పద్ధతులు లేకపోలేదు. మొదటిది గళ్ల పద్ధతి. చిన్న బొమ్మపై గళ్లు గీసి, గోడపై అన్నియే పెద్ద గళ్లు గీసి, గడికి గడి చూచి వ్రాయుదురు. మన యిండ్లలో తల్లులు వేకువజామున చుక్కలు పెట్టి ముగ్గు వేయుటయు ఇదే విద్య. ఏడు చుక్కల ముగ్గును అరచేతి యంతగానైనను, వాకిలి యంతగానైనను వేయవచ్చును గదా! రెండవది పొడుపు కాగితపు పద్ధతి. మచిలీబందరు మొదలగు కోరమాండలు తీరపు కలంకారీ పనివారు 17, 18 శతాబ్దములలోనే దీనిని వాడుచుండిరి. కాగితముపై బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో రంధ్రములు పొడిచి, బట్టపై పరచి, బొగ్గుపొడి మూటతో అద్దుదురు. కాగితము తీసినప్పుడు బట్టపై చుక్కల వరుస నిలుచును. వానిని కలిపిన గీత యగును. అయితే ఇది ఉన్న బొమ్మను ఉన్నంతగానే దించును గాని పెంచదు. ఇక చేర్యాల నకాషీ చిత్రకారుల సంగతి వేరు. వారు సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించిన బట్టపై కుంచెతో నేరుగా రేఖ వేయుదురు. ఆ చేయి తరతరముల సాధనవలన వచ్చినది. నలుబది నిమిషముల పీరియడులో ఎవ్వరును ఇయ్యజాలరు.

మూడవది వెలుగుచే దించుట. తోలుబొమ్మలాటలో దీపము వెనుకను, బొమ్మ నడుమను, తెర ముందును ఉండుట మనమెరిగినదే. అందు తెరపై పడునది బొమ్మ యొక్క నీడ, రంగు మాత్రమే. కటకమును చేర్చి, బొమ్మను ప్రతిబింబముగా దూరమునకు పంపు మాయాదీపమును హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ 1659వ సంవత్సర ప్రాంతమున నిర్మించెను. తరువాత రెండు వందల యేండ్లకు పైగా అది ప్రపంచమంతట ఊరూర తిరిగి, సినిమాకు దారి చూపినది. మా అట్టపెట్టె దానికి పేద బంధువు.

ఇక పాఠములోనికి వత్తము. మొదట కటకము యొక్క నాభ్యంతరమును కనుగొనవలెను. శామీర్‌పేట చెరువుకట్ట ఆవలి చెట్టువంటి దూరపు వస్తువు వైపు కటకమును పట్టి, వెనుక తెల్లని అట్టను ముందు వెనుకలకు జరుపవలయును. చెట్టు తలక్రిందుగా, స్పష్టముగా అట్టపై నిలిచినచోట కటకమునకును అట్టకును గల దూరమే నాభ్యంతరము. మా భూతద్దమునకు అది 20 సెంటీమీటర్లు వచ్చినది.

బొమ్మను ఎన్ని రెట్లు పెంచవలెనో నిశ్చయించుకొన్న పిమ్మట రెండు దూరములను లెక్కకట్టవలెను. కటకమునుండి గోడకు గల దూరము, నాభ్యంతరమును రెట్లకంటె ఒకటి ఎక్కువతో గుణించినంత. ఆ దూరమును రెట్ల సంఖ్యతో భాగించిన వచ్చునది, ఫోనునుండి కటకమునకు గల దూరము. అయిదు రెట్లకు 20ని 6తో గుణించిన 120 సెంటీమీటర్లు. దానిని 5తో భాగించిన 24. పది రెట్లు కావలెనన్న గోడకు 220, ఫోనుకు 22. ఫోనును కటకమునకు రెండు సెంటీమీటర్లు దగ్గరకు జరిపినంతనే గోడ ఒక మీటరు దూరము పోవుట గమనింపుడు. అందుచేతనే ఫోనును పెట్టెలో అంటించివేయక, ఒక పెట్టెలో మరియొక పెట్టె జారునట్లు అమర్చవలెను. పెద్దపెట్టె ముందు గోడకు కటకమంత రంధ్రము కోసి, కటకమును బిగించి, లోపలంతయు నల్లకాగితము అంటించిన చాలును.

పది రెట్లు పెంచవచ్చును గదా, అయిదుతో నేల ఆగవలెనని పిల్లలడుగుదురు. అయిదు రెట్లు పెంచినచో పొడవు అయిదు రెట్లు, వెడల్పు అయిదు రెట్లు. అనగా ఉన్న వెలుగు ఇరువదియైదు రెట్ల చోటునకు పంచబడును. పది రెట్లకు నూరు రెట్లు. ఫోను తెర వెలుగు అంతటి పంపకమునకు చాలదు. కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి, గదిని చీకటి చేసినప్పటికిని అయిదారు రెట్లకు మించి పనికిరాదని మా అనుభవము. పెట్టెలో పెద్ద బల్బు పెట్టి అచ్చుకాగితపు బొమ్మనే చూపవచ్చునని కొందరందురు. అది వేడెక్కును, అట్టపెట్టెలో వేడి బల్బు పెట్టుటను మేమంగీకరింపము.

ఇచ్చట ఒక వింత గలదు. కటకము ప్రతిబింబమును తలక్రిందు చేయును గనుక ఫోనును తలక్రిందుగా నిలుపుదురు. బొమ్మ నిటారుగా వచ్చును. కాని అక్షరములు అద్దములో చూచినట్లు ఎడమ కుడి మారియుండును! కారణమేమనగా, ఫోను ముఖము గోడవైపు తిరిగియున్నది. మనము దాని వీపు వైపున నిలిచియున్నాము. కటకము బొమ్మను తలక్రిందుగా త్రిప్పునే గాని ఈ ముఖాముఖి తేడాను సరిచేయదు. పూర్వపు మాయాదీపములో గాజుపలకను వెనుకకు త్రిప్పి పెట్టెడివారు గనుక వారికీ చిక్కు లేదు. ఫోనుకు వెనుకనుండి వెలుగు రాదు. కావున బొమ్మనే ముందుగా ఫోనులో ఎడమకుడులుగా మార్చుకొనవలెను. చెట్టు బొమ్మకైనచో తేడా తెలియదు. భారతదేశ పటమునకు మార్చుట మరచినచో గుజరాతు తూర్పునకు పోవును.

పెట్టెను గోడకు సూటిగా నిలుపుట మరియొక ముఖ్యవిషయము. పెట్టె మూతి కొంచెము పైకెత్తినను చతురస్రము పైన వెడల్పై, క్రింద ఇరుకగును. మనుష్యుని బొమ్మకు తల పెద్దదై, కాళ్లు చిన్నవగును. దీనికి పరీక్ష యేమనగా, బొమ్మకు ముందు ఒక చతురస్రమును గోడపై వేసి కొలుచుట. కర్ణములు రెండును సమానమైన చాలునని తలంపరాదు. పైన వెడల్పైన ఆ వంకర రూపమునకును కర్ణములు సమానముగానే యుండును. పై భుజము క్రింది భుజముతో, ఎడమ భుజము కుడి భుజముతో, అటుపై కర్ణము కర్ణముతో సరిపోవలెను. తొమ్మిదవ తరగతివారికి రేఖాగణితము ఎందులకు పనికివచ్చునను సందేహము ఆనాటితో తీరినది.

ఇట్లు గదిలో పని నెరవేరును. ప్రహరీగోడ మాట యేమి? అది బయటనున్నది. పగలు వెలుగుండును, రాత్రి పిల్లలను రోడ్డు ప్రక్కన నిలుపుట తల్లిదండ్రులకు సమ్మతము గాదు, మాకును గాదు. మేడ్చలు మీదుగా జాతీయ రహదారియు, శామీర్‌పేట మీదుగా రాజీవు రహదారియు పోవుచుండ, ఆ లారీల రద్దీ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. అప్పుడు మాకు మచిలీబందరు పనివారు అక్కరకు వచ్చిరి. బొమ్మను నాలుగు భాగములు చేసి, చీకటి గదిలో ఒక్కొక్క భాగమును ఒక్కొక్క చార్టు కాగితముపైకి అయిదు రెట్లుగా దించితిమి. ఫోనులో 12 సెంటీమీటర్ల భాగము కాగితముపై 60 అయినది. నాలుగు కాగితములు ప్రక్క ప్రక్కన పెట్టగా 240, అనగా ఇంచుమించు ఎనిమిది అడుగులు. గీతల వెంబడి దబ్బనముతో పొడిచి, పగటివేళ గోడకు అంటించి, బొగ్గుపొడి మూటతో అద్దితిమి. అంతటి గోడకు అద్దుట గంటలోపల ముగిసినది. మరియొక లాభము: పొడిచిన కాగితమును వెనుకకు త్రిప్పి యంటించినచో ఎడమకుడుల చిక్కు తనంతట తానే తొలగును. పాత విద్యయు క్రొత్త విద్యయు ఇట్లొకదానికొకటి తోడగునని మేము ముందుగా ఊహింపలేదు.

గీయునప్పుడు పిల్లలు పాటింపవలసినవి కొన్ని గలవు. మీ నీడ బొమ్మపై పడకుండ ప్రక్కకు నిలిచి గీయుడు. కాగితపు నాలుగు మూలల గుర్తులు మొదటనే వేయుడు. ఎవరైన పెట్టెను తాకినచో తిరిగి సరిచేసికొనవచ్చును. కనబడిన ప్రతి గీతను దించవలదు. ముఖమైనచో కన్నులు, నాసిక, పెదవులు ఉండుచోట్లు, గడ్డపు వంపు; పక్షియైనచో ముక్కు, వెన్ను, కాలి కీళ్లు. ఫోటోలోని నీడల అంచులను గీతగా గీసినచో చెంపపై మచ్చవలె కనబడును. గుర్తులు ముగియగానే కిటికీ తెరచి, మిగిలినదంతయు కంటితో చూచి గీయవలెను.

ఇక తగవు సంగతి. చిత్రలేఖన పోటీకి ఒక విద్యార్థి దేశనాయకుని ముఖచిత్రమును తెచ్చెను. పోలిక అచ్చుగుద్దినట్లుండెను. అది పెట్టెతో దించినదని తెలియగానే, రాత్రులు కూర్చుండి స్వయముగా గీసిన పిల్లల తల్లిదండ్రులకు కష్టము కలిగెను. "మా అమ్మాయి నెల దినములు చెరిపి గీసి, గీసి చెరిపినదండీ. ఆ పెట్టెకా మీరు బహుమానమిచ్చుట?" అని యొక తల్లి అడిగెను. మరియొకరు, లెక్కలకు కాలిక్యులేటరువలె బొమ్మలకిది యొక పనిముట్టు గాదా యనిరి. ఉపాధ్యాయులలోను ఏకాభిప్రాయము లేకుండెను.

పెద్దలలోను ఈ వాదము గలదు. ప్రసిద్ధ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2001లో ప్రకటించిన గ్రంథమున, ఐరోపా ప్రాచీన చిత్రకారులు పలువురు అద్దములను, కటకములను వాడియుందురని వాదించెను. పండితులనేకులు దానిని ఖండించిరి. వాడిరనియే యనుకొందము, అదే కటకము మన చేతికిచ్చినచో మనము అట్టి చిత్రము వ్రాయగలమా? ముక్కు ఎచ్చటనున్నదో పెట్టె చెప్పును. అది ముక్కువలె ఎట్లు కనబడవలెనో చెప్పదు. దించిన గీత ఆద్యంతము ఒకే మందమున, ప్రాణము లేనట్లుండును. కంటితో చూచి గీసినవాని గీత తప్పైనను, అందొక ఒత్తు, ఒక సడలింపు ఉండును.

అయినను నకలు చేయుట నీచమని మేము తలంపము. అజంతా గుహాచిత్రముల కథ చూడుడు. 1844 మొదలుకొని రాబర్టు గిల్ యేండ్లకొలది శ్రమించి తీసిన నకళ్లు అత్యధికము 1866లో లండను క్రిస్టల్ ప్యాలెసు అగ్నిప్రమాదమున కాలిపోయెను. తరువాత జాన్ గ్రిఫిత్స్ తన శిష్యులతో తీసినవానిలో అనేకము 1885లో సౌత్ కెన్సింగ్టనున అగ్నికి ఆహుతియయ్యెను. 1909–11 నడుమ లేడీ హెరింగ్‌హామ్ మరల ఆ పనికి పూనుకొన్నప్పుడు నందలాల్ బోసు, అసిత్ కుమార్ హల్దార్ ప్రభృతులతో పాటు హైదరాబాదునుండి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజులుద్దీను అనువారు గుహలలో కూర్చుండి నకళ్లు తీసిరి. అజంతా అప్పుడు నిజాము రాజ్యములోనిదే. వారినెవ్వరును దొంగలనలేదు, ఏలయన, వారు నకలును నకలనియే చెప్పిరి.

అందుచేత మేమిట్లు నిర్ణయించితిమి. పోటీకి దించిన బొమ్మను స్వీకరింపము. గోడకు, తెరకు, పటమునకు నిరభ్యంతరముగా వాడవచ్చును. అయితే బొమ్మ క్రింద "పెట్టెతో దించినది" అని వ్రాయవలెను. ఒక బొమ్మను దించినవారు, అదే బొమ్మను ఆ వారములోనే పెట్టె లేకుండ మరల గీసి చూపవలెను. ఈ మూడవ నియమమునకు పిల్లలు మొదట విసిగికొనిరి. ఏడవ తరగతిలో "నాకు చేయి తిరగదు సార్" అని పెన్సిలు ముట్టని బాలిక యొకతె యుండెను. ఆమె కొంగను మూడుమార్లు దించినది. నాల్గవమారు పెట్టె తేకయే కొంగ మెడను ఒక్క ఊపున గీసి, తానే ఆశ్చర్యపడినది. కాళ్లు మాత్రము ఇప్పటికిని పొట్టిగానే వచ్చుచున్నవి.

ఎవరి బొమ్మను దించుచున్నామను ప్రశ్నయు గలదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రకారుని జీవితకాలమును, మరణానంతరము అరువది యేండ్లును హక్కు నిలుచును. 1906లో గతించిన రాజా రవివర్మ చిత్రములను ఎవరైనను దించవచ్చును. నేటి చిత్రకారుని బొమ్మను ఇంట అభ్యాసమునకు దించుట వేరు. దానిని గోడకెక్కించుట, అమ్ముట వేరు. సందేహమున్న పెద్ద విద్యార్థులు శామీర్‌పేటలోనే యున్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమును తలచుకొని, న్యాయశాస్త్రము చదువ సంకల్పించినను మాకు సంతోషమే. అంతవరకు మేడ్చలు రైల్వేస్టేషను, చెరువుపై వాలు కొంగలు, మీ తాతగారి ముఖము, ఇవి మీరే ఫోటో తీసి దించుకొనుడు.

పెట్టెను ఇంటికి తీసికొనిపోవు విద్యార్థులు ఒక జాగ్రత్త వహింపవలెను. పని ముగియగానే కటకమునకు నల్లబట్ట చుట్టి మూత వేయవలయును. కిటికీ ప్రక్క ఎండలో వదలినచో ఆ కటకమే సూర్యకిరణములను ఒకచోట చేర్చి అట్టను కాల్చును. పెట్టె చిత్రలేఖన గదిలోని బీరువాలో నున్నది. శనివారము సాయంకాలము తీసికొని సోమవారము ఉదయము అప్పగింపవచ్చును. ఫోను మాత్రము ఎవరిది వారే, ఇంటి పెద్దల అనుమతితో తెచ్చుకొనవలెను.