రంగు విరిగితే సరిపోదు: అద్దకం నీళ్లలో కెమిస్ట్రీ కొలువు

సారంగాపూర్ వైపు నుంచి జగిత్యాలకో కోరుట్లకో బస్సెక్కి బీఎస్సీ కెమిస్ట్రీ చదివే పిల్లలకు రెండు దారులే కనిపిస్తాయి. బీఎడ్ చేసి టీచర్ కావడం, లేదంటే హైదరాబాద్ ఫార్మా కంపెనీలో షిఫ్టులు. మూడో దారి తెలియాలంటే సిరిసిల్ల వెళ్లి సాంచాలను (మరమగ్గాలను) కాదు, డైయింగ్ యూనిట్ వెనక తొట్టిలో నిలిచిన నీళ్లను చూడాలి.

కాటన్‌కు వేసే రియాక్టివ్ రంగు మొత్తం దారానికి పట్టదు. రకాన్ని బట్టి పది నుంచి నలభై శాతం దాకా నీళ్లలోనే మిగిలిపోతుంది. ఎండకు, సబ్బుకు వెలిసిపోకూడదని తయారుచేసిన సరుకు కదా, సూక్ష్మజీవులకూ ఓ పట్టాన లొంగదు. అందుకే రసాయన ఆక్సీకరణ కావాలి. 1894లో ఫెంటన్ అనే శాస్త్రవేత్త టార్టారిక్ ఆమ్లం మీద గమనించిన చర్యే ఇక్కడ ఆధారం. నీళ్ల పీహెచ్‌ను 3 దగ్గరికి దించి, ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాని ఆక్సీకరణ పొటెన్షియల్ 2.8 వోల్టులు, ఓజోన్‌ది 2.07. అజో రంగుల్లో రెండు నైట్రోజన్ల మధ్య ఉండే జంట బంధం దీని ముందు నిలవదు. చూస్తుండగానే ఎర్రనీళ్లు తేటపడతాయి.

చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. రంగు పోయినా విరిగిన ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. అవెంత ఉన్నాయో సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం) పరీక్ష చెబుతుంది. వస్త్ర పరిశ్రమలు వదిలే నీటికి కేంద్రం 2016లో పెట్టిన హద్దు సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు, బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) 30. బ్లీచింగ్ పౌడర్ పోసినా రంగు పోతుంది, పైగా చవక. కానీ క్లోరిన్ అంటుకున్న కొత్త పదార్థాలు పుడతాయి. ఆ తేటనీళ్లను చూపించి సంతకం పెట్టేవాణ్ని నేను కెమిస్టు అనను. ఇంకో చిక్కు ఉప్పు: అద్దకంలో వాడిన ఉప్పును ఫెంటన్ చర్య ముట్టనే ముట్టదు. 2011లో మద్రాసు హైకోర్టు తిరుప్పూర్ డైయింగ్ యూనిట్లను మూయించాక అక్కడ ఉప్పును వేరుచేసే ఆర్ఓలు, ఆవిరి యంత్రాలు పెట్టక తప్పలేదు. ఇక ఫెర్రస్ సల్ఫేట్ నుంచి మిగిలే ఇనుము బురద వేరే తలనొప్పి.

ఈ పనికి పెద్ద డిగ్రీలే అక్కర్లేదు. పదో తరగతి తర్వాత ఐటీఐలో కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ ట్రేడ్ చేసినా ఈటీపీ (వ్యర్థజల శుద్ధి కేంద్రం) ఆపరేటర్‌గా చేరొచ్చు. పాలిసెట్‌తో కెమికల్ డిప్లొమా, తర్వాత ఈసెట్ ఉన్నాయి. బీఎస్సీ వాళ్లు సీపీగెట్ రాసి కెమిస్ట్రీ లేదా పర్యావరణ శాస్త్రం పీజీకి వెళ్లొచ్చు. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో కెమికల్, టెక్స్‌టైల్ రెండూ ఉన్నాయి. గేట్‌లో పర్యావరణానికి 2021 నుంచి విడిగా పేపర్ ఉంది.

నిజం చెప్పాలంటే సిరిసిల్ల చిన్న యూనిట్లన్నింటికీ కెమిస్టును పెట్టుకునే స్తోమత ఉండదు. కొలువులు ఎక్కువగా దొరికేది జీడిమెట్ల, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రాల్లో, ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుల్లో, తిరుప్పూర్‌లో. వరంగల్ దగ్గరి మెగా టెక్స్‌టైల్ పార్కు మీదా కన్నేసి ఉంచండి. ఇంటి దగ్గరే ఉండాలనుకుంటే ఒక యూనిట్ జీతం మీద ఆశ పెట్టుకోకండి. నాలుగైదు యూనిట్ల నీళ్లు పరీక్షించి, మోతాదులు చెప్పే పని ఒప్పుకోండి.

డిగ్రీ ప్రాజెక్టుకు జార్ టెస్ట్ ఎంచుకోండి. ఆరు బీకర్లు, ఒకే నీళ్లు, ఆరు పెరాక్సైడ్ మోతాదులు. ఏ మోతాదు దాటితే ఖర్చే తప్ప ఫలితం లేదో గ్రాఫ్ గీయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఆ గ్రాఫే ఎక్కువ మాట్లాడుతుంది. అక్కడ ఒక ప్రశ్న వేసే అవకాశముంది: ఫెంటన్ చర్య తర్వాత రంగు అంతా పోయింది, సీఓడీ మాత్రం అనుకున్నంత తగ్గలేదు, ఎందుకు? విరగని ముక్కలు ఒక కారణం. మిగిలిపోయిన పెరాక్సైడ్ రెండోది. పరీక్షలో వాడే డైక్రోమేట్‌ను అదీ ఖర్చు చేయిస్తుంది కాబట్టి అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ముందు పెరాక్సైడ్‌ను పోగొట్టి, ఆ తర్వాతే సీఓడీ పెడతానని చెప్పండి.