ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు



బదిలీ అయినప్పుడు మీ వెంట టీసీ వస్తుంది కదా! సాఫ్ట్‌వేర్ చేతులు మారేటప్పుడు దాని వెంట లైసెన్స్ వెళ్లాలి. అదేమిటో చూద్దాం.

టక్స్ పెయింట్ పిల్లలు బొమ్మలు వేసుకునే సాఫ్ట్‌వేర్. దాని లైసెన్స్ పేరు జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్స్, క్లుప్తంగా జీపీఎల్. దాని మూలకోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు.

మెనూలో ఒక తెలుగు మాట మీకు నచ్చక మార్చారనుకుందాం. మీరొక్కరే వాడుకుంటే ఎవరికీ చెప్పనక్కరలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి స్నేహితురాలికి ఇచ్చారా, బాధ్యతలు మొదలవుతాయి.

1. అసలు రచయితల పేర్లు, కాపీరైట్ ప్రకటన చెరపకూడదు.
2. మీరు మార్పు చేశారని, ఏ తేదీన చేశారో రాయాలి. మీ తప్పు వారి మీద పడకూడదు కదా!
3. లైసెన్స్ ప్రతిని జతచేయాలి.
4. మూలకోడ్ కూడా అందేలా చూడాలి. రేపు మీరు వేరే ఊళ్లో ఉంటారు. మూలకోడ్ లేకపోతే అందులోని లోపాన్ని ఆమె సరిదిద్దుకోలేదు.
5. మీ కొత్త రూపం కూడా జీపీఎల్ కిందే ఉండాలి. "ఇంకెవరికీ ఇవ్వకు" అనే షరతు పెట్టకూడదు.

మరి డబ్బు తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. కానీ కొన్నవారికీ ఈ హక్కులన్నీ ఉంటాయి. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటంతో చాలామంది పొరబడతారు. తెలుగులో ఆ చిక్కు లేదు. ఉచితం అంటే ధర లేనిది. స్వేచ్ఛ అంటే హక్కు ఉన్నది. జీపీఎల్ కాపాడేది స్వేచ్ఛను.

అన్ని లైసెన్సులూ ఒకటి కావు. ఎంఐటీ లైసెన్స్ మూలకోడ్ ఇవ్వమని అడగదు. కాపీరైట్ ప్రకటన, లైసెన్స్ పాఠం ఉంచితే చాలు. అసలు లైసెన్సే లేకపోతే? అందరిదీ అనుకోకండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే. కథను కాపీ చేసి పంచాలంటే రచయిత అనుమతి కావాలి, ప్రోగ్రాముకైనా అంతే. అందుకే మార్చే ముందే లైసెన్స్ ఫైలు తెరిచి చదవండి.

అభ్యాసం

1. 'ఉచితం', 'స్వేచ్ఛ' పదాలతో సొంత వాక్యాలు రాయండి.
2. రవి జీపీఎల్ ఆటను మార్చి, మూలకోడ్ దాచుకుని, ఆటను మాత్రం తరగతిలో పంచాడు. అతడు తప్పిన బాధ్యత ఏది? అదే ఆట ఎంఐటీ లైసెన్స్‌లో ఉంటే మీ జవాబు మారుతుందా?
3. మీ కంప్యూటర్ ల్యాబ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పేరు కనుక్కుని రాయండి.