తొక్కుడు లడ్డు – మోచి

ఉద్దేశం: ఇతర ప్రాంతాల, దేశాల ఆహారాన్ని సహృదయంతో స్వీకరించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

కృష్ణానది సముద్రంలో కలిసే పుణ్యస్థలం హంసలదీవి. ఇక్కడి సంగమంలో మునిగిన కాకి హంసగా మారినదని స్థలపురాణం చెబుతున్నది. ఎక్కడి నుండో వచ్చినది ఇక్కడ కొత్త రూపం దాల్చడం ఈ తీరానికి వింత కాదు. మచిలీపట్నపు తొక్కుడు లడ్డు అందుకు చక్కని నిదర్శనం.

బందరు లడ్డుగా పేరొందిన ఈ మిఠాయి పుట్టినిల్లు ఉత్తరదేశమనీ, బుందేల్‌ఖండ్ నుండి వలస వచ్చిన బొందిలీలు దీనిని వెంట తెచ్చారనీ ప్రతీతి. శనగపిండిని జంతికల వలె వత్తి వేయిస్తారు. వాటిని దంచి, జల్లించి, పాకంలో కలిపి, నేయి చేరుస్తూ మళ్ళీ రోకలితో దంచుతారు. నోట వేసుకోగానే కరిగే మృదుత్వం ఆ శ్రమకు ఫలితం. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. వలస వచ్చిన వంటకం తుదకు ఊరి పేరునే ధరించినది.

రేవు పట్టణాలకు ఇది సహజం. జపానులోని నాగసాకి రేవు కూడా ఇటువంటిదే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా జపానుకు వచ్చిన కాస్తెల్లా అనే కేకు నేడు ఆ పట్టణపు సంప్రదాయ తినుబండారంగా ప్రసిద్ధి పొందినది.

అయినను, జపానువారి మోచిని మొదటిసారి చూచినవారు సంకోచించడం కద్దు. జిగురు బియ్యాన్ని ఆవిరిపై ఉడికించి, రోటిలో పోసి, కొయ్యసుత్తితో దంచితే మోచి తయారవుతుంది. ఒకరు దంచుతుండగా మరొకరు ముద్దను తిప్పుతారు. అందులో అజుకి అనే ఎర్రని గింజల తీపి ముద్దను పొదిగితే దానిని దైఫుకు అంటారు. సాగే గుణం గలది కనుక కొద్దికొద్దిగా, నెమ్మదిగా నమిలి తినాలి. బియ్యపుపిండిలో శనగపప్పు పూర్ణం పెట్టి ఆవిరిపై ఉడికించే కుడుము రుచి ఎరిగిన తెలుగువారికి ఇది దూరపు చుట్టమే. రోటిపోటు విషయంలో తొక్కుడు లడ్డుకూ దగ్గరి బంధువే.

ఆచారమో, ఆరోగ్యమో అడ్డు వచ్చినప్పుడు వద్దనడంలో దోషం లేదు. రుచి చూచిన పిమ్మట నచ్చలేదనడంలోనూ తప్పు లేదు. రుచి చూడకయే ఏవగించుకోవడం మాత్రం వండిన చేతులను అవమానించడమే. వలస వచ్చినవారి లడ్డును నాటి బందరు ప్రజలు ఆదరించి ఉండకపోతే, నేడు బందరు లడ్డు అన్న మాటయే ఉండేది కాదు.

అభ్యాసం
1. తొక్కుడు లడ్డు తయారీ విధానాన్ని వివరించండి.
2. మోచికి, తెలుగువారి వంటకాలకు గల పోలికలను తెల్పండి.
3. మీ ఊరికి ఇతర ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన ఒక వంటకాన్ని గూర్చి రాయండి.