నలభై మంది పడవ

సిద్దిపేటలో కోమటిచెరువు పేరు తెలియనివాళ్ళు ఉండరు. బతుకమ్మ పండుగ వస్తే ఆడవాళ్ళు బతుకమ్మలు పట్టుకొని ఆ చెరువు కట్టకు పోతారు. ఇప్పుడు ఆ కట్ట చూడముచ్చటగా ఉంది. చెరువులో పడవలు తిరుగుతున్నాయి. సెలవు రోజున పిల్లలను తీసుకొని పడవ ఎక్కేవాళ్ళు చాలామంది.

పడవ ఎక్కడం సరదా పని. కానీ ఎక్కేముందు చదవవలసిన బోర్డు ఒకటి ఉంటుంది. ఆ బోర్డు గురించే ఈ పాఠం.

సిద్దిపేట దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో రెండు పొదుపు సంఘాలు ఉన్నాయి. రెండు సంఘాల ఆడవాళ్ళు ఒకరోజు పట్నం బయలుదేరారు. మొత్తం 23 మంది. కొందరు బీడీలు చేస్తారు. కొందరు కూలికి పోతారు. రాత్రి బడిలో ఈ మధ్యనే చదువు నేర్చుకున్నవాళ్ళు అందులో సగం మంది.

వాళ్ళలో ఒక అత్తాకోడళ్ళు ఉన్నారు. కోడలు రాత్రి బడికి పోయింది. అత్త పోలేదు. "నాకెందుకు బిడ్డా, కండ్లు కనవడయి" అంది. కానీ పట్నం పోదామని మొదట అన్నది మాత్రం అత్తే. హుస్సేన్ సాగర్ నడుమ నిలబడ్డ బుద్ధుణ్ణి టీవీలో చూసింది. "పడవ ఎక్కి ఆ బుద్ధుని కాడికి పోవాలె" అని ఏడాది నుంచి అడుగుతోంది.

పొద్దున్నే సిద్దిపేట బస్టాండులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కారు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపించారు. కండక్టర్ జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. కోడలు తన టికెట్ మీద రాసింది కూడబలుక్కొని చదివింది. బస్సు నిండా జనం. సగం మంది నిలబడే వచ్చారు. ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట దాటి జూబ్లీ బస్టాండులో దిగారు. అక్కడినుంచి సిటీ బస్సులో ట్యాంక్‌బండ్ చేరారు.

బస్సు దిగి అత్త అటూ ఇటూ చూసింది.

"ఇది రోడ్డంటరేందే? ఇది చెరువు కట్టనే గదా!" అంది.

అత్త మాట నిజం. ట్యాంక్‌బండ్ అంటే చెరువు కట్టే. హుస్సేన్ సాగర్ మన ఊరి చెరువులాగ మనుషులు కట్టిన చెరువే. ఇప్పటికి 460 ఏళ్ళ కిందట, ఇబ్రహీం కులీ కుతుబ్ షా గోల్కొండను ఏలే కాలంలో దీన్ని కట్టారు. కట్టించిన పెద్దమనిషి పేరు హుస్సేన్ షా వలీ. ఆయన పేరే చెరువుకు వచ్చింది. అప్పటికి హైదరాబాద్ పట్నమే లేదు. చార్మినార్ లేదు. పట్నానికి పునాది పడింది 1591లో. అంటే పట్నం కంటే చెరువే వయసులో పెద్దది. ఒకప్పుడు పట్నం జనం ఈ చెరువు నీళ్ళే తాగారు. తర్వాత పట్నం పెరిగింది. మురుగు కాలువలు తెచ్చి చెరువులో కలిపారు. ఇప్పుడు ఆ నీళ్ళు నోట్లో పెట్టుకొనే తీరుగా లేవు. చెరువు ఇచ్చిన నీళ్ళు తాగి పెరిగిన పట్నం చెరువును అట్లా చేసింది.

కట్ట పొడుగునా పెద్దవాళ్ళ విగ్రహాలు ఉన్నాయి. కోడలు వాటి కింద పేర్లు చదువుకుంటూ నడిచింది. రుద్రమదేవి పేరు చదివింది. రామాయణం రాసిన మొల్ల పేరు చదివింది. "మొల్ల మన ఆడమనిషేనా!" అని పక్కనున్న అక్క ఆశ్చర్యపోయింది.

లుంబినీ పార్కులో పడవల రేవు ఉంది. అక్కడినుంచే బుద్ధుని దగ్గరికి పడవలు పోతాయి. కొద్ది నిమిషాల ప్రయాణం. టికెట్ ధర రాసిన బోర్డు చూసి లీడరక్క 23 మందికి లెక్క కట్టి డబ్బులు ఇచ్చింది.

పడవ రేవుకు వచ్చి ఆగింది. అందులో అప్పటికే 22 మంది కూర్చొని ఉన్నారు. మన ఊరివాళ్ళు గబగబ ఎక్కసాగారు. 18 మంది ఎక్కాక పడవ మీద పనిచేసే పిల్లవాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలమ్మా. మిగిలినవాళ్ళు తర్వాతి పడవల రండి."

అత్త అప్పటికే ఎక్కి కూర్చుంది. కోడలితో పాటు ఐదుగురు గట్టు మీద మిగిలారు. అత్తకు కోపం వచ్చింది.

"ఇంత పెద్ద పడవ, ఐదుగురికి చోటు లేదా తమ్మీ? అందరం ఒక్క ఊరోళ్ళం. ఒక్కసారే పోతం."

"బక్క పానాలు. మేమేం బరువు?" అని గట్టు మీదున్న ఒకామె నవ్వింది.

లీడరక్క కూడా పిల్లవాణ్ణి బతిమాలింది. "జర సర్దుకుంటం బాబూ" అంది. కోడలికి కూడా మొదట అట్లాగే అనిపించింది. అత్త ఒక పడవలో, తను ఒక పడవలో పోవడం ఏం బాగుంటుంది? అంతలో ఆమె చూపు పడవ పక్కనున్న బోర్డు మీద పడింది. మెల్లగా పైకి చదివింది.

"ఈ... పడవలో... 40 మందికి... మాత్రమే... అనుమతి."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. ముందున్నవాళ్ళు 22. మనం 23. కలిపితే 45.

"ఐదుగురం ఎక్కువున్నం అత్తా. మీరు పోండి. మేం వెనుక వస్తం" అంది.

"నువ్వు సుత ఆ పిల్లగాని దిక్కే మాట్లాడుతవేందే? బస్సుల నలభై మంది కూసునే కాడ ఎనభై మందిమి రాలే?"

"బస్సు కింద నేలుంటదత్తా" అంది కోడలు.

అందరి ముందర అత్త మాట కాదనడం కోడలికి అదే మొదటిసారి. ఆమె మొహం ఎర్రబడింది. అత్త మారు మాట్లాడలేదు. మొహం అటు తిప్పుకుంది. పడవ కదిలిపోయింది.

ఐదుగురు గట్టు మీద కూర్చున్నారు. పక్కన పల్లీలు అమ్మే ముసలాయన ఉన్నాడు. ఆయన వీళ్ళ గొడవ అంతా విన్నాడు. "మీరు దిగింది మంచిగయింది" అన్నాడు. "ఆ బుద్ధుడు ఒకసారి ఈ నీళ్ళలనే మునిగిండు, తెలుసా?"

వాళ్ళకు తెలియదు. ఆ సంగతి ఇది.

ఆ బుద్ధుడిది ఒకే రాయి. భువనగిరి దగ్గర రాయగిరి గుట్టల్లోని తెల్ల రాయి. ఎత్తు 58 అడుగులు. బరువు సుమారు 350 టన్నులు. చెక్కించిన స్థపతి పేరు ఎస్.ఎం. గణపతి. ఎన్నో చక్రాలున్న పెద్ద బండి మీద విగ్రహాన్ని పట్నం తెచ్చారు. చెరువు నడుమకు చేర్చడానికి పంటు మీదికి ఎక్కించారు. పంటు అంటే బరువులు మోసే చదునైన పెద్ద పడవ.

1990 మార్చి 10న పంటు గట్టు వదిలింది. కొంత దూరం పోయింది. ఒక పక్కకు ఒరిగింది. అంత బరువు ఒక పక్కకు జారితే ఇంకేం ఆగుతుంది? విగ్రహం నీళ్ళలో పడిపోయింది. దాంతోపాటు పనిచేస్తున్న మనుషులూ పడ్డారు. పది మంది దాకా చనిపోయారు. బుద్ధుడు రెండేళ్ళకు పైగా చెరువు అడుగున బురదలో పడుకున్నాడు. తర్వాత పైకి తీశారు. రాయి చెక్కుచెదరలేదు. 1992 డిసెంబర్ 1న చెరువు నడుమ నిలబెట్టారు. విగ్రహం తిరిగి వచ్చింది. ఆ పనివాళ్ళు రాలేదు. బుద్ధుణ్ణి చూసేటప్పుడు వాళ్ళను కూడా తలుచుకోవాలి.

పడవ ఎందుకు ఒరుగుతుంది? ఇది ఆడవాళ్ళకు తెలిసిన విషయమే. నిండు బిందె నెత్తిన పెట్టుకొని నడిస్తే నీళ్ళు తక్కువ కదులుతాయి. సగం బిందె పెట్టుకొని నడవండి. నీళ్ళు ఒకసారి ఇటు కొడతాయి, ఒకసారి అటు కొడతాయి. బిందె ఆగదు. పడవ లోపలికి నీళ్ళు వస్తే అదే జరుగుతుంది. పడవ ఏ పక్కకు వంగితే నీళ్ళన్నీ ఆ పక్కకే పోతాయి. ఇంకా వంచుతాయి.

మరి నీళ్ళు లోపలికి ఎట్లా వస్తాయి? మనుషులు ఎక్కువైన కొద్దీ పడవ కిందికి దిగుతుంది. పడవ అంచు నీళ్ళకు దగ్గరవుతుంది. అప్పుడు చిన్న అల కూడా అంచు దాటుతుంది. మనుషులు లేచి నిలబడితే ఇంకా కష్టం. ఎడ్లబండి మీద గడ్డి ఎత్తుగా వేస్తే మలుపు దగ్గర బండి ఊగుతుంది కదా, అట్లా. ఫోటో దిగాలని అందరూ ఒక్క పక్కకే పోతే ఆ పక్క బరువు పెరుగుతుంది. అందుకే పడవవాళ్ళు "కూర్చోండి, కూర్చోండి" అని అరుస్తారు. అది కసురుకోవడం కాదు.

ఇట్లాంటివి చెరువులోనే కాదు, నదుల్లోనూ జరిగాయి. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర కృష్ణలో ఒక విహార పడవ బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో పడవ మునిగింది. పాపికొండలు చూడబోయే పడవ అది. గోదావరి వరద మీద ఉంది. పడవలో 70 మందికి పైగా ఉన్నారు. 26 మందే బతికారు. ఒడ్డు మీది ఊరివాళ్ళు తమ పడవలు వేసుకొని వచ్చి కొందరిని కాపాడారు. చనిపోయినవాళ్ళలో మన తెలంగాణ నుంచి పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ సరదాగా చూసివద్దామనే బయలుదేరారు.

నీళ్ళు వరద మీద ఉంటే, గాలి గట్టిగా వీస్తుంటే పడవ పెద్దదైనా ఎక్కవద్దు. టికెట్ డబ్బులు పోతే పోయాయి.

ఐదుగురూ వింటూ కూర్చున్నారు. చేతిలో పల్లీలు చేతిలోనే ఉన్నాయి. కోడలు చెరువు వైపే చూస్తోంది. అత్త ఎక్కిన పడవ చిన్నగా కనబడుతోంది.

తర్వాతి పడవ వచ్చింది. పడవవాళ్ళు తలా ఒక లైఫ్ జాకెట్ ఇచ్చారు.

"జాకెట్టు మీద జాకెట్టా?" అని ఒకామె నవ్వింది. అందరూ నవ్వారు.

లైఫ్ జాకెట్ అంటే రవికె కాదు. నీళ్ళలో మునగకుండా మనిషిని తేల్చే కోటు. మన ఊళ్ళో పిల్లలు బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు బెండు కట్టుకుంటారు. ఇదీ అంతే. లోపల బెండులాంటి తేలిక సరుకు ఉంటుంది. మనిషి తలను నీళ్ళ పైన ఉంచుతుంది. అయితే ఒక మాట. బావిలో ఈత నేర్చుకునేది చాలా ఊళ్ళలో మగపిల్లలే. ఆడపిల్లలను "నీకెందుకు" అని పంపించరు. పైగా చీర తడిస్తే బరువెక్కుతుంది. కాళ్ళకు చుట్టుకుంటుంది. అందుకని ఈ కోటు అందరికంటే మనకే ఎక్కువ అవసరం.

ఊరికే భుజాన వేసుకుంటే లాభం లేదు. ముందర పట్టీలు ఉంటాయి. అన్నీ బిగించాలి. వదులుగా ఉంటే నీళ్ళలో కోటు పైకి తేలుతుంది, మనిషి కిందికి జారుతుంది. పిల్లలకు చిన్న సైజు కోటు అడగాలి. పెద్దవాళ్ళ కోటు పిల్లలకు వేస్తే అందులోంచి జారిపోతారు. ఉక్కపోస్తోందని దారిలో విప్పవద్దు.

పడవ కదిలింది. మెత్తగా ఊగుతూ పోయింది. ఒక పక్క ట్యాంక్‌బండ్. ఇంకో పక్క తెల్లని గోపురాల సచివాలయం. దాని వెనుక గుట్ట మీద పాలరాతి బిర్లా మందిరం. ఇంకోవైపు 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. 2023 ఏప్రిల్ 14న దాన్ని తెరిచారు. గట్టు మీద నడిచేటప్పుడు ఇవన్నీ ఒక్కసారే కనబడవు. నీళ్ళ నడుమకు వస్తే కనబడతాయి. కోడలికి ఊరి చెరువు గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని గట్టు మీది నుంచే చూసింది. చెరువు నడుమ నుంచి ఊరు ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూడలేదు.

బుద్ధుడు దగ్గరికి వచ్చాడు. దూరం నుంచి బొమ్మలాగ ఉన్నవాడు తల ఎత్తి చూస్తేగానీ కనబడనంత పెద్దగా అయ్యాడు. కుడి చెయ్యి ఎత్తి భయపడవద్దన్నట్టు నిలబడ్డాడు.

అత్త మెట్ల దగ్గర నిలబడి ఉంది. తోటివాళ్ళు చుట్టూ తిరిగి చూస్తున్నా ఆమె అక్కడినుంచి కదలలేదు. వచ్చే పడవనే చూస్తోంది. కోడలు దిగగానే చెయ్యి పట్టుకుంది.

"మా పడవల ఒకాయన ఫోటో అని లేచిండు. పడవ ఇటు వంగింది" అంది మెల్లగా. "నా పానం పోయిందనుకున్న."

కోడలు ఏమీ అనలేదు. ఇద్దరూ కలిసి బుద్ధుని చుట్టూ తిరిగారు.

తిరుగు పడవ ఎక్కేటప్పుడు అత్త రేవు దగ్గర ఆగింది. బోర్డు ముందు నిలబడి వేలు పెట్టింది. "ఇది ఎంత?" అని అడిగింది.

"నాలుగు పక్కన సున్న. నలభై."

అత్త వెనక్కి తిరిగి తన ఊరివాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

మాట్లాడుకోండి

ఒక పడవలో 30 మందికే అనుమతి ఉంది. అందులో 14 మంది కూర్చొని ఉన్నారు. మీ సంఘంవాళ్ళు 21 మంది వచ్చారు. ఎంతమంది ఎక్కవచ్చు? ఎంతమంది ఆగాలి? ఎవరు ఆగాలో మీ సంఘంలో ఎట్లా తేల్చుకుంటారు?

మీ ఊరి చెరువు ఎవరు కట్టించారు? కట్ట, తూము, మత్తడి ఎక్కడెక్కడ ఉన్నాయి? పెద్దవాళ్ళను అడిగి నాలుగు మాటలు రాయండి.

మీ ఇంట్లో ఈత వచ్చిన ఆడవాళ్ళు ఎంతమంది?