వెనుక చక్రములు కదలనిచో

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నీరు మన వ్యాసర్పాడి వీథులను ముంచిన పిదప, నాలుగు చక్రములకును తానే శక్తి నందించుకొను కారొకటి బురదలో చిక్కుట చూచితిమి. ముందు చక్రములు ఊరక తిరుగుచుండెను; వెనుకవి కదలలేదు. క్లచ్చి మార్చవలెనని ఎవరో చెప్పగా యజమాని అప్పు చేయుటకు సిద్ధపడెను.

బాలలారా, ఇట్టి బండిలో ప్రతి చక్రము చెంతను సెన్సారుండును. ముందు చక్రములు జారినవని అవి తెలుపగా, కంప్యూటరు వెనుక ఇరుసువద్ద నున్న విద్యుత్ క్లచ్చిని బిగించును. వార్త చేరకున్నను, కరెంటు అందకున్నను క్లచ్చి బిగియదు. కావున మొదట హెచ్చరిక దీపమును, ఫ్యూజును, తీగెల కొనలను చూడవలెను. టైర్ల కొలతయు ముఖ్యమే. అరిగి చిన్నదైన టైరు వడిగా తిరిగి కంప్యూటరును భ్రమింపజేయును.

ఆ బండిలో సెన్సారు తీగె కొనను పచ్చని చిలుము పట్టియుండెను. మాబోటి భాషోపాధ్యాయులకును అది కంటబడినది! మెకానిక్కు దానిని తుడిచి, కంప్యూటరులోని దోషసూచికను చెరిపివేయగా వెనుక చక్రములు కదలినవి. నీట మునిగిన బండి గనుక ఇరుసు నూనె పాలవలె తెల్లబడినదేమో చూపించుకొనుడని తలిదండ్రులకు మా మనవి.